లెక్కల టీచరును తెలుగులోనే రాయనివ్వండి

విశాఖలో కృత్రిమ మేధ కేంద్రానికి అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది మొదలు, చర్చంతా భూమి, కరెంటు, నీళ్ల చుట్టూనే తిరుగుతోంది. ఆ యంత్రాలు మన పిల్లలకు ఏం నేర్పుతాయన్నది ఎవరికీ పట్టలేదు.

పాఠం చెప్పే సాఫ్ట్‌వేర్ కొత్తదేమీ కాదు. 1970లోనే ‘స్కాలర్’ అనే ప్రోగ్రామ్ దక్షిణ అమెరికా భూగోళంపై విద్యార్థితో ప్రశ్నోత్తరాలు నడిపింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త జాన్ ఆండర్సన్ బృందం ఆల్జీబ్రా నేర్పే ట్యూటర్ ప్రోగ్రామ్‌లను బడుల దాకా తెచ్చింది. చిక్కల్లా తయారీలోనే. గంట పాఠానికి 200 నుంచి 300 గంటల శ్రమ పడుతుందని ఆ రంగంలోని వారి అంచనా. పిల్లవాడు పొరబడే ప్రతి చోటునూ ప్రోగ్రామర్ నియమంగా రాయాలి మరి. ఆ చోట్లు తెలిసిందేమో టీచరుకు!

అందుకే ఆ నియమాలను టీచరే మామూలు తెలుగులో రాయాలంటున్నాను. గాజువాక మునిసిపల్ బడిలో లెక్కలు చెప్పే ఆవిడకు, సగానికి మూడో వంతు కలపమంటే పిల్లలు లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కూడి 2/5 అంటారని తెలుసు. ‘అలా రాస్తే తప్పని చెప్పకు. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిందేమని అడుగు’ అని ఆవిడ రెండు వాక్యాలు రాస్తే, చాట్‌జీపీటీ లాంటి ఇప్పటి భాషా నమూనాలు దాన్ని నియమంగా మలచగలవు. ఆ ప్రశ్న ఏ ప్రోగ్రామర్‌కు తడుతుంది?

మామూలు భాషలో అస్పష్టత ఉంటుందంటారు. నిజమే. ‘హారాలు సమానం చేసి కూడాలి’ అని రాస్తే, యంత్రం వాటిని 3/6, 2/6 చేశాక హారాలనూ కూడి 5/12 అనవచ్చు. అయితే తనకు అర్థమైన పద్ధతిలో ఒక లెక్క చేసి చూపించమనండి. టీచరు ‘లవాలు మాత్రమే’ అని చేర్చి, 5/6 వచ్చాక ఆమోదిస్తుంది. ప్రోగ్రామర్ చేసిన పొరపాటైతే ఆవిడ కంట పడే దారే లేదు.

అసలు అడ్డంకి సాంకేతికం కాదు. టీచరుకు తెలిసినదాన్ని మన వ్యవస్థ విద్యగా ఎన్నడూ లెక్కించలేదు. నిన్నమొన్నటి దాకా ఆవిడ చేత మరుగుదొడ్ల ఫొటోలు తీయించి యాప్‌లో ఎక్కించింది. రేపు ఆవిడ రాసిన నియమాలను ఏ కంపెనీయో ఉచితంగా పట్టుకుపోయి, అదే బడికి చందా కట్టించుకుని అమ్మినా ఆశ్చర్యం లేదు. ప్రతి నియమం కింద రాసిన టీచరు పేరుండాలి, ఆ పనికి వేరే పారితోషికం ఇవ్వాలి, హక్కులు బడి దాటి పోకూడదు. డేటా సెంటర్లకు అన్ని రాయితీలు రాసిచ్చిన ప్రభుత్వానికి ఈ మూడు షరతులు రాయడం కష్టమా?