ఎగరాలా వద్దా, తేల్చాల్సింది ఎవరు?

2021 నవంబరు 24. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని లోంపాక్ అనే చిన్న ఊరి విమానాశ్రయం నుంచి పాతకాలపు సింగిల్ ఇంజిన్ విమానం ఒకటి పైకి లేచింది. నడుపుతున్న ట్రెవర్ జేకబ్ 2014 శీతాకాల ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్ ఆడిన క్రీడాకారుడు, తర్వాత యూట్యూబర్ అయ్యాడు. విమానానికి కెమెరాలు బిగించి ఉన్నాయి. అతని వీపున పారాచూట్, వెంట సెల్ఫీ స్టిక్ ఉన్నాయి. బయల్దేరిన 35 నిమిషాలకు ఇంజిన్ ఆగిపోయిందంటూ తలుపు తీసుకుని దూకేశాడు. ఖాళీ విమానం లాస్ పాడ్రెస్ అడవి కొండల్లో ఎండు పొదల మధ్య కూలింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. సరిగ్గా నెల కావస్తుండగా, డిసెంబరు 23న, ఆ దృశ్యమంతా వీడియోగా అతని ఛానెల్‌లోకి వచ్చింది. అందులోనే ఒక పర్సుల కంపెనీ ప్రచారం కూడా ఉంది.

మొదట అనుమానించింది ఆ వీడియో చూసినవాళ్లే. వాళ్లలో పైలట్లు చాలామంది ఉన్నారు. మామూలుగా చిన్న విమానం నడిపేవాళ్లు పారాచూట్ కట్టుకోరు, ఇతనెందుకు కట్టుకున్నాడు? ఇంజిన్ ఆగిందని చెప్పకముందే తలుపు ఎందుకు తీశాడు? మళ్లీ స్టార్ట్ చేసే ప్రయత్నం ఏది? రేడియోలో ఒక్క మాటైనా చెప్పలేదేం? దిగడానికి చదునైన చోటు వెతకలేదేం? అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కూడా ఇలాంటి లోపాలనే ఎత్తి చూపి 2022 ఏప్రిల్‌లో అతని లైసెన్సు రద్దు చేసింది. శకలాలు ఎక్కడున్నాయో తెలియదని దర్యాప్తు అధికారులకు చెప్పిన మనిషే, హెలికాప్టర్ తెప్పించి వాటిని అడవిలోంచి లేపించి, ముక్కలు కోసి పారేశాడని తేలింది. 2023 డిసెంబరులో కోర్టు ఆరు నెలల జైలు శిక్ష వేసింది. ఆ శిక్ష సాక్ష్యాలు మాయం చేసి దర్యాప్తుకు అడ్డుపడినందుకు. పేరు కోసం, డబ్బు కోసమే చేసి ఉంటాడని ప్రాసిక్యూటర్లు కోర్టుకు చెప్పారు.

సరదాగా విమానాలో డ్రోన్లో ఎగరేసి వీడియోలు పెట్టేవాళ్లలో ఇలాంటివాళ్లు అరుదు. వాళ్లందరినీ ఆ గాటన కట్టడం అన్యాయం. ఆ కేసుతో ఇక్కడ మొదలుపెట్టింది వేరే కారణంతో. ఎక్కడో ఒకచోట వీడియో ముఖ్యమైపోయి, ఎగరడం వెనక్కి వెళ్లింది. జేకబ్ విషయంలో అది కళ్లకు కట్టినట్టు కనిపించింది. మిగతావాళ్ల విషయంలో అది చాలా చిన్నగా, ఎవరికీ కనిపించకుండా, చాలాసార్లు ఎగరేసేవాళ్లకే తెలియకుండా జరుగుతుంది.

ఫ్లయింగ్ నేర్పేవాళ్లు మొదటి రోజుల్లోనే ఒక పాఠం చెబుతారు. వాతావరణం తేడాగా ఉందా, ఎగరకు. ఇంజిన్ చప్పుడు మారిందా, ఎగరకు. రాత్రి నిద్ర లేదా, ఒంట్లో బాగాలేదా, ఎగరకు. హాంగర్ (విమానం ఉంచే షెడ్డు) దాకా వెళ్లి, విమానాన్ని ఓసారి చుట్టి చూసి, మళ్లీ తాళం వేసి ఇంటికి రావడం కూడా పైలట్ పనిలో భాగమే. పైలట్‌ను బతికించే నిర్ణయం అదే. కానీ అలా తిరిగొచ్చిన రోజుకు వీడియో ఉండదు. యూట్యూబ్‌లో యాడ్ల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. ఆ గీత దాటాక కూడా వారం వారం కొత్తది పెట్టకపోతే వ్యూస్ పడిపోతాయని టెన్షన్. స్పాన్సర్‌కు ఇచ్చిన తేదీ ఉంటుంది. కెమెరా సామాను తీసుకుని, సెలవు పెట్టుకుని, ఇంత దూరం వచ్చాం కదా అన్న ఆలోచన ఉంటుంది. కొండ మీద మబ్బు దిగుతున్నా, గాలి పెరుగుతున్నా ‘ఒక్క రౌండ్’ అనిపించేది అప్పుడే. ఎగరాలా వద్దా అన్న నిర్ణయంలో చూసేవాళ్లు, యాడ్లు, స్పాన్సర్లు వచ్చి కూర్చుంటారు. వాళ్లెవరూ కాక్‌పిట్‌లో ఉండరు.

అలాగని ఈ వీడియోల మీద డబ్బు సంపాదించడం తప్పని మేం అనం. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కేంద్రంగా నడిచే ‘ఫ్లైట్ టెస్ట్’ అనే ఛానెల్‌ను చూడండి. మామూలు ఫోమ్‌బోర్డు కోసి, వేడి జిగురుతో అతికించి, చిన్న మోటారు పెట్టి ఎగరేసే రేడియో కంట్రోల్ విమానాలు ఎలా చేయాలో వాళ్లు చూపిస్తారు. ప్లాన్లు ఉచితంగా ఇస్తారు. కావాలన్నవాళ్లకు కిట్లు అమ్ముతారు. ఎక్కడెక్కడి పిల్లలో ఆ ప్లాన్లు ప్రింట్ తీసుకుని, రెక్క వంపు మారితే విమానాన్ని పైకి లేపే బలం, అంటే లిఫ్ట్, ఎలా మారుతుందో చేతులతో చేసి తెలుసుకున్నారు. అక్కడ సంపాదన నేర్పడం మీద నిలబడింది. విమానం కూలినా అది పాఠమే అవుతుంది, ఎందుకు కూలిందో చెబుతారు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ చేసినవాళ్లు మన దగ్గరా ఉన్నారు. బాల్సా కర్ర గీకి గీకి చేసిన గ్లైడర్ మొదటిసారి చెయ్యి వదిలి వెళ్లినప్పటి సంబరం వాళ్లను అడిగితే చెబుతారు. ఆ సంబరాన్ని నాలుగు డబ్బులు చేసుకుంటూ పది మందికి పంచితే సంతోషించాల్సిందే.

సంపాదనకు, సరదాకు మధ్య గీత ఎక్కడ గీయాలన్న దానిమీద అమెరికా ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది. 2011లో రాఫెల్ పిర్కర్ అనే అతను వర్జీనియా యూనివర్సిటీ మీద ఫోమ్ విమానం ఎగరేసి డబ్బుకు వీడియో తీశాడు. ఎఫ్ఏఏ 10,000 డాలర్ల జరిమానా వేసింది. జడ్జి ఒకరు కొట్టేశారు, పై బోర్డు డ్రోన్ కూడా విమానమేనని తేల్చింది, చివరికి 2015 జనవరిలో 1,100 డాలర్లకు రాజీ కుదిరింది. ఆ ఏడాదే ఫ్లోరిడాలోని ఒక హాబీ డ్రోన్ యజమానికి ఎఫ్ఏఏ నుంచి లేఖ వెళ్లింది: యూట్యూబ్‌లో నీ వీడియోలకు యాడ్లు వస్తున్నాయి కాబట్టి నీది వ్యాపారమే అని. గొడవైంది. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోలు తీసేయమని చెప్పే అధికారం తమ ఇన్‌స్పెక్టర్లకు లేదని ఆ సంస్థే తర్వాత స్పష్టం చేయాల్సి వచ్చింది. 2016 ఆగస్టులో పార్ట్ 107 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకుంటే చిన్న డ్రోన్‌తో సంపాదించుకోవచ్చు. డబ్బు ఉద్దేశంతో ఎగరేస్తే ఆ సర్టిఫికెట్ తప్పనిసరి. గీత ఎక్కడుందో ఇప్పుడు అక్కడ కొత్తగా డ్రోన్ కొన్నవాళ్లు కూడా తెలుసుకోగలరు.

మన సంగతి చూద్దాం. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు అంతకుముందున్న వాటికంటే ఎంతో సులువైనవి, అందులో సందేహం లేదు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 250 గ్రాముల నుంచి 2 కిలోల దాకా ఉన్న మైక్రో డ్రోన్‌ను వ్యాపారేతర పనికి వాడితే కూడా అక్కర్లేదు. మరి తమ్ముడు ఊరి చెరువు మీద సరదాగా డ్రోన్ ఎగరేసి వీడియో పెట్టాడు, ఆరు నెలలకు ఛానెల్‌కు యాడ్లు మొదలయ్యాయి. ఇప్పుడు అది వ్యాపారమా, సరదాయా? పాత వీడియో మాటేమిటి? రిసార్టు వాళ్లు డబ్బివ్వకుండా ఒక రోజు గది ఉచితంగా ఇస్తే? లక్నవరం, పాపికొండలు, అరకు లోయ పైనుంచి తీసే మన వ్లాగర్లకు ఈ ప్రశ్నలు రోజూ ఎదురవుతాయి. వాళ్లు లాయర్‌ను పెట్టుకుని తెలుసుకోవాలనడం సబబు కాదు. 2025లో కేంద్రం కొత్త డ్రోన్ బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. అది ఏ రూపంలో చట్టమైనా, ప్రకటనల ఆదాయం, స్పాన్సర్ సొమ్ము ఏ కోవలోకి వస్తాయో రెండు వాక్యాల్లో, తెలుగులో కూడా, రాసి ఉండాలి.

ఇంకో చిక్కుంది. రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి. ఈ సరదా చాలామందికి పద్నాలుగు పదిహేనేళ్లకే పట్టుకుంటుంది. ఆ వయసు పిల్లల ఛానెల్‌కు డబ్బు వస్తే అది తల్లిదండ్రుల ఖాతాలోనే పడాలి. బ్యాంకు మెసేజ్ చూసి మురిసిపోయే అమ్మానాన్నలు ఆ డ్రోన్ ఎక్కడ ఎగురుతోందో కూడా ఒకసారి అడగాలి. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా, ఆంక్షల్లేని మిగతా చోట్ల 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. ఆ పైన అనుమతి కావాలి. హైదరాబాద్‌లో శంషాబాద్, బేగంపేట విమానాశ్రయాలు, హకీంపేట, దుండిగల్ వైమానిక దళ స్థావరాలు ఉన్నాయి. విశాఖలో తూర్పు నౌకాదళం ఉంది. ఈ నగరాల్లో, డ్రోన్ ఎక్కడ ఎగరేయవచ్చో చూపించే ప్రభుత్వ ‘డిజిటల్ స్కై’ మ్యాప్ చూడకుండా డాబా మీంచి డ్రోన్ లేపడం పిల్లలాట కాదు.

చిన్నదే కదా అనేవాళ్ల కోసం ఒక సంగతి. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ అడవి మంటలప్పుడు, మంటలు చూద్దామని ఒకాయన పార్కింగ్ భవనం మీంచి చిన్న డ్రోన్ వదిలాడు. రెండు కిలోమీటర్లు దాటి వెళ్లాక అది కంటికి ఆనలేదు. మంటలార్పే సూపర్ స్కూపర్ విమానం రెక్కకు తగిలి చిల్లి పెట్టింది. ఊళ్లు తగలబడుతుంటే ఆ విమానం రిపేరు కోసం రోజుల తరబడి నేల మీదే ఉండిపోయింది. అతనికి ఎవరికీ హాని చేయాలని లేదు. చూడాలన్న కోరిక, అంతే.

2023 జనవరిలో తిరుమల శ్రీవారి ఆలయాన్ని పైనుంచి చూపించే వీడియో ఆన్‌లైన్‌లో తిరిగినప్పుడు టీటీడీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. భక్తుల మనోభావాల మీద, భద్రత మీద చర్చ జరిగింది. ఆ వీడియో లక్షల మందికి చేరుతున్న వేదిక బాధ్యత ఏమిటన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినబడలేదు. మాకు అసలు అభ్యంతరం ఇక్కడే. యూట్యూబ్‌లో పూర్తి నిడివి వీడియో మీద వచ్చే యాడ్ల సొమ్ములో 55 శాతం తీసినవాళ్లకు, 45 శాతం కంపెనీకి వెళుతుంది. ప్రమాదకరంగా, నిషేధిత చోట ఎగరేసిన వీడియో మీద యాడ్లు వచ్చినా లెక్క అదే. జరిమానా పడితే, కేసు పెడితే పూర్తిగా ఎగరేసినవాళ్ల మీదే. మన నిబంధనల్లో ఆ జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు. లాభంలో దాదాపు సగం తీసుకునేవాళ్లు తప్పులో పైసా మోయకపోవడం న్యాయం కాదు. ప్రమాదం ఎంత ఎక్కువ కనబడితే అంత మందికి వీడియోను చూపించే పద్ధతిని మార్చకుండా, మేం వేదిక మాత్రమే అంటే కుదరదు.

ఇన్ని కోట్ల వీడియోల్లో ఏది ఎలా ఎగిరిందో మాకెలా తెలుస్తుందని కంపెనీలు అంటాయి. 2019 సెప్టెంబరులో పిల్లల సమాచారం సేకరించిన వ్యవహారంలో అమెరికాలో 17 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చాక, ఇది పిల్లల కోసం తీసిందా కాదా అన్న ప్రశ్నను యూట్యూబ్ ప్రతి అప్‌లోడ్‌కు తప్పనిసరి చేసింది. తెనాలిలో ఫోన్‌తో వీడియో పెట్టే కుర్రాడు కూడా దానికి జవాబు చెప్పాకే ముందుకు వెళ్తున్నాడు. పెయిడ్ ప్రమోషన్ ఉందా అనీ అడుగుతోంది. ఆ వరుసలోనే ఇంకో ప్రశ్న చేర్చాలి: ఇందులో విమానం గానీ డ్రోన్ గానీ ఎగరేశారా, ఎగరేస్తే రిజిస్ట్రేషన్ నంబరు, అవసరమైన చోట అనుమతి నంబరు ఏవి? జవాబు వచ్చేదాకా ఆ వీడియోకు యాడ్లు ఆపాలి. ఆ మేరకు కంపెనీల చేత ఒప్పించే పని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, కేంద్ర ఐటీ శాఖ కలిసి మొదలుపెట్టాలి.