గ్యారీ గుల్మన్: గోడు చెప్పుకున్నా సడలని పనితనం

2016లో కోనన్ ఓబ్రయన్ టీవీ షోలో కమెడియన్ గ్యారీ గుల్మన్ చెప్పిన ఒక అంశం అమెరికా స్టాండప్ కామెడీ అభిమానులకు ఇప్పటికీ గుర్తే. రాష్ట్రాల పేర్లను రెండేసి అక్షరాలకు కుదించిన బృందంపై డాక్యుమెంటరీ చూశానంటూ ఆయన ఓ కట్టుకథ అల్లారు. అలబామాకు ‘ఏఎల్’ అని పెట్టేసి, పని ఇట్టే అయిపోతుందని మురిసిపోయిన ఆ బృందానికి వరుసలో రెండోదైన అలాస్కా దగ్గరే చుక్కలు కనిపిస్తాయి. ఇందులో గుల్మన్ సొంత జీవితం రవ్వంత కూడా లేదు. ఉన్నదంతా మాటల పొందిక, ఎక్కడ ఆగాలో తెలిసిన నేర్పు.

ఆ మరుసటి ఏడాదే ఆయన తీవ్రమైన డిప్రెషన్‌తో ఆసుపత్రిలో చేరారు. నలభై దాటిన వయసులో మసాచుసెట్స్‌లోని తల్లి ఇంటికి తిరిగి వెళ్లారు. కోలుకున్నాక, 2019 అక్టోబరులో హెచ్‌బీవో చానెల్‌లో వచ్చిన ‘ది గ్రేట్ డిప్రెష్’ అనే స్టాండప్ ప్రదర్శనలో ఆ రోజులన్నీ జనం ముందు పెట్టారు.

వేదిక మీద సొంత బాధ చెప్పుకోవడం కొత్తేమీ కాదు. 1980లో ఒళ్లు కాలి చావు అంచుదాకా వెళ్లిన అమెరికన్ కమెడియన్ రిచర్డ్ ప్రయర్, రెండేళ్లకే ఆ సంగతితో జనాన్ని నవ్వించారు. కానీ బాధ నిజమైనదైతే చాలు, కామెడీ గొప్పదైపోతుందనే నమ్మకం ఈమధ్య బలపడుతోంది. దీన్ని నేను ఒప్పుకోలేను. అలాస్కా దగ్గర చూపిన నేర్పే లేకపోతే గుల్మన్ జబ్బు గురించి గంటసేపు వినడం ఎవరి తరమూ కాదు.

ఆయన చిన్నప్పుడు మగపిల్లాడి ముందున్నవి రెండే నమూనాలట: సినిమాల్లో కరకు మగాడిగా కనిపించే క్లింట్ ఈస్ట్‌వుడ్, లేదంటే టీవీలో నిక్కరు వేసుకుని వ్యాయామం నేర్పే రిచర్డ్ సిమన్స్. మధ్యలో ఎవరూ లేరు. ‘మగాడివై ఉండి ఏడుపేంటి’ అన్న మాట వింటూ పెరిగిన తెలుగువాడికి ఈ జోకును విప్పి చెప్పనక్కర్లేదు. షాక్ ట్రీట్‌మెంట్ సంగతీ అంతే. ఆ పేరు వినగానే మన సినిమాల్లో రోగిని మంచానికి కట్టేసిన దృశ్యమే కళ్లముందు మెదులుతుంది. నిజానికి ఇప్పుడు దాన్ని మత్తుమందు ఇచ్చే చేస్తారు. అది తనకు పనిచేసిందని గుల్మన్ దాచకుండా చెప్పారు. భయంతో ఆసుపత్రి గడప తొక్కని మనిషికి ఆ ఒక్క మాట ఎంత ఆసరానో!

జోకు కోసం కథను మధ్యలో తెంచేస్తే గాయం మానదని 2018లో ‘నానెట్’ ప్రదర్శనలో ఆస్ట్రేలియా కమెడియన్ హన్నా గాడ్స్‌బీ వాదించారు. బలమైన వాదనే. గుల్మన్ దానికి వేరే దారి వెతికారు. తల్లితో, భార్యతో, వైద్యుడితో మాట్లాడిన దృశ్యాలను ప్రదర్శన మధ్యలో చేర్చి, జోకులో ఇమడనిదాన్ని అక్కడ ఉండనిచ్చారు. తల్లితో ఉన్నప్పుడు ఆయన ముఖంలో కనిపించే కొడుకును ఏ పంచ్‌లైనూ చూపించలేదు.

జబ్బు కథనే ఆయన జీవనోపాధిగా మార్చుకోలేదు కూడా. 2023లో వచ్చిన ‘బార్న్ ఆన్ థర్డ్ బేస్’ ప్రదర్శనలో ప్రభుత్వ సాయం మీద గడిచిన తన బాల్యం నుంచి మొదలుపెట్టి, అమెరికాలో డబ్బున్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య పెరిగిన దూరం మీదికి వెళ్లారు. సొంత కథ అందులోనూ ఉంది, కానీ ఈసారి కోపం తన మీద కాదు.