వారంటీ కార్డు గారి దివ్యసముఖానికి కడప వంటింటి విన్నపం

మహారాజశ్రీ వారంటీ కార్డు గారి దివ్యసముఖానికి, కడప పట్టణంలోని ఒక పాత ఇంటి కొత్త వంటగది నుంచి నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, మా వారు, మా అత్తగారు, కొత్త గ్రానైటు గట్టు, పాత గ్రైండరు క్షేమంగా ఉన్నాం. ఫ్రిజ్జు సంగతి మాత్రం తమరు ఎరుగుదురు. ఎరిగీ ఎరగనట్టు ఉండటమే తమ ఉద్యోగ ధర్మం గనుక మళ్ళీ మొదటి నుంచి మనవి చేసుకుంటున్నాను.

ముప్పై ఏళ్ళనాటి వంటగదిని తిరగదోడి కట్టించుకోవాలని నిరుడు శ్రావణంలో సంకల్పించాం. మా నేలలో దొరికే నల్ల నాపరాయిని ‘కడప బండ’ అని పిలుచుకుంటూ ముంబై వాళ్ళు సైతం వంటింటి గట్లకు వేయించుకుంటూ ఉంటే, కడపలోనే కాపురముంటున్న మేము ఆ బండలను పెరికించి, చీమకుర్తి గ్రానైటును లారీలో తెప్పించుకున్నాం. మా తెలివితేటల మీద తమకు అప్పుడే గురి కుదిరి ఉంటుంది. దీపావళి తగ్గింపు ధరలు మళ్ళీ రావని కొట్టువారు చెప్పగా, పని సగం కూడా కాకముందే ఫ్రిజ్జునూ చిమ్నీనీ కొని ఇంటికి చేర్చాం. సంక్రాంతికి ముగిస్తామన్న పనిని వడ్రంగులు ఉగాదికి ముగించారు. ఆ ఐదు నెలలూ రెండు అట్టపెట్టెలు హాల్లో నిలబడి ఉండగా, వాటి మీద మా అత్తగారు ఉతికిన బట్టలు మడతపెట్టి పేర్చుకున్నారు.

తీరా పండుగనాడు పెట్టెలు విప్పి, పసుపు కుంకుమ పెట్టి, స్విచ్చు వేసి, తమరిని బయటికి తీసి చదివితే, ‘కొన్న తేదీ నుంచి ఒక సంవత్సరం’ అని ఉంది. బిగించిన తేదీ నుంచి కాదట, వాడుక మొదలైన రోజు నుంచీ కాదట. ఒక్క గ్లాసు నీళ్ళు చల్లబడకముందే తమ ఆయుష్షులో ఐదు నెలలు మా అత్తగారి చీరల కింద గడిచిపోయాయి. ఇల్లు బాగు చేయించుకునేవారు సామాను చివర కొనాలన్న ఇంత చిన్న విషయం తగ్గింపు ధరల వెలుగులో మాకు కనిపించలేదు, చెప్పవలసిన వారికి చెప్పే అవసరం కనిపించలేదు.

తమ వాగ్దానాలలో మకుటాయమానమైనది కంప్రెసరుకు ఇచ్చిన పదేళ్ళ అభయం. కొట్టులో అమ్మే కుర్రవాడు ఆ ‘పది’ అన్న అంకెను వేలితో కొట్టి మరీ చూపించాడు. మొన్న మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి, మళ్ళీ వచ్చింది. ఆ రెండో రాకకు ఫ్రిజ్జు వెనక ‘టప్’ మని చిన్న చప్పుడైంది. లోపల దీపం వెలుగుతూనే ఉంది. తలుపు మీద అంకెలు మాత్రం పెళ్ళి పందిరిలో దీపాల్లాగా వెలిగి ఆరసాగాయి. తెల్లవారేసరికి పెరుగు పులిసింది, దోశెపిండి గిన్నె మూతను తోసుకుని పైకి వచ్చింది. తమ మీద ముద్రించిన నంబరుకు ఫోను చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, మా సౌఖ్యమే వారి పరమావధి అని మూడుసార్లు చెప్పింది. మాటలు కోటలు దాటుతాయి గానీ కాలు గడప దాటదని పెద్దలు ఊరికే అనలేదు. తిరుమల కొండకు గడప కాబట్టే మా ఊరికి ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు; అంత పెద్ద గడపను దాటి రావడానికి వారి మనిషికి ఆరు రోజులు పట్టింది.

వచ్చిన అబ్బాయి మంచివాడే. ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూశాడు. అది సాయంత్రం కావడంతో 230 ఉండవలసిన చోట 178 ఓల్టులు చూపించింది. దానికి ఫొటో తీసుకుని, కాగితం మీద ‘ఓల్టేజీ హెచ్చుతగ్గులు’ అని రాసి సంతకం అడిగాడు. కంప్రెసరు భేషుగ్గా ఉందనీ, కాలిపోయింది దాన్ని నడిపించే బోర్డనీ, బోర్డుకు ఏడాది వారంటీ ఉన్నప్పటికీ ఓల్టేజీ వల్ల కలిగిన నష్టానికి అది వర్తించదనీ సెలవిచ్చాడు. నేను ఫ్రిజ్జు తలుపు చూపించాను. అక్కడ అరచేయంత వెండి రంగు కాగితం మీద ‘స్టెబిలైజరు అవసరం లేదు’ అని మెరుస్తోంది. అతను దాన్ని చదివి, తమరిని చదివి, తల దించుకున్నాడు. “పెళ్ళిచూపుల్లో ఒక మాట, పీటల మీద ఒక మాట” అని మా అత్తగారు లోపలి నుంచి అన్నారు. బోర్డు ఖరీదు, రాకపోకల ఖర్చు, పన్ను కలిపి ఆరువేల చిల్లర చెల్లించుకున్నాం. పదేళ్ళ అభయం పొందిన కంప్రెసరు ఈ గొడవ అంతటిలోనూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

ఆ రాత్రి తమరిని భూతద్దం పెట్టి చదివాను. ఒక్కమాట ఒప్పుకోక తప్పదు, తమ రచయిత బహుదూరదృష్టి గలవాడు. గాజు, ప్లాస్టిక్కు, రబ్బరు, దీపం తమ పరిధిలోకి రావు. ఎలుకలు, బల్లులు, బొద్దింకలు చేసిన నష్టం రాదు. సరైన ఎర్తింగు లేకపోతే రాదు. తమ మనుషులు కానివారు ఒక్క మర విప్పినా రాదు. చెడిపోవడానికి అవకాశమున్న ప్రతిదాన్నీ వరసగా తీసేయగా మిగిలినదానికి తమరు ప్రాణం పెట్టి కాపు కాస్తున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. తమ విషయంలో దేవుడూ పూజారీ ఒకే కాగితానికి రెండు వైపులా అచ్చై ఉన్నారు.

తమ పొరుగువారైన నక్షత్రాల గురించి కూడా ఇక్కడే ఒక మాట. ఫ్రిజ్జు కొనేటప్పుడు “ఐదు నక్షత్రాలు మేడం, గట్టి వస్తువు” అన్నారు. కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ 2006లో మొదలుపెట్టిన ఆ గుర్తులు కరెంటు ఎంత తాగుతుందో చెబుతాయే తప్ప ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పవు. ఏడాదికి ఎన్ని యూనిట్లు, ఆ గుర్తు ఏ కాలానికి చెల్లుతుంది అన్నవి ఆ కాగితం మీదే ఉంటాయి. కొలమానాన్ని అప్పుడప్పుడూ బిగిస్తూ ఉంటారు గనుక పాత సరుకు మీది ఐదు కొత్త లెక్కలో నాలుగో మూడో కావచ్చు. అది నిజాయితీ గల కాగితమే. దాని చేత అబద్ధం చెప్పించింది కొట్టువారు.

నిజంగా చూడవలసిన అక్షరం ఒకటి ఫ్రిజ్జు మీదున్న చిన్న వివరాల పట్టీలో ఎవరి కంటా పడకుండా ఉంటుంది. ‘ఎన్’ అని ఉంటే చుట్టూ 32 డిగ్రీల వేడి వరకు, ‘ఎస్‌టి’ అయితే 38 వరకు, ‘టి’ అయితే 43 వరకు ఆ పెట్టె పనిచేసేలా తయారైందని అర్థం. మే నెలలో కడపలో పాదరసం 43 దాటడం పత్రికలకు కూడా పెద్ద వార్త కాదు. మాది ‘టి’నే. అయితే మా వడ్రంగి ఫ్రిజ్జు కొలతలు తీసుకుని, వేలు కూడా దూరనంత అందంగా దాని చుట్టూ చెక్క గూడు కట్టాడు. వేడి బయటికి పోయే దారి లేక ఆ గూట్లో ఎండాకాలానికి తోడు ఇంకో ఎండాకాలం కాపురం పెట్టింది. ఇప్పుడు పక్కలా వెనకా జానెడు కోయించాం. చూపుకు బాగాలేదు.

చిమ్నీకి తమరు ప్రసాదించిన వరం ఇంకా గొప్పది: మోటారుకు ‘జీవితకాల’ వారంటీ. ఎవరి జీవితకాలమో అన్న సందేహం నాకు కలగగా, చీమ తలకాయంత అక్షరాలలో అది పన్నెండేళ్ళని తేలింది. కొట్టువారు గంటకు 1200 ఘనపు మీటర్ల గాలిని లాగుతుందని ఘనంగా చెప్పారు. మా వంటగది పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. అంటే సుమారు ఇరవైమూడు ఘనపు మీటర్లు. గంటకు పది పన్నెండు సార్లు గదిలో గాలి మారితే చాలునని సాధారణంగా వేసే లెక్క ప్రకారం మూడువందల లోపే సరిపోతుంది. ఎండుమిర్చి తాలింపు ఘాటుకని రెట్టింపు వేసుకున్నా ఆరువందలు దాటదు. మాకు అంటగట్టిన యంత్రం గంటకు యాభైసార్లు వంటగదిని ఖాళీ చేయగలదు, కాగితం మీద. గొట్టానికి మూడు వంపులు పెట్టి పెరటి గోడ దాటించేసరికి ఆ ప్రతాపంలో ఎంత మిగిలిందో ఊరిబిండికి మిరపకాయలు వేయించిన రోజున మా కళ్ళే చెప్పాయి. ఒక పెద్ద అంకె బదులు ఒక వంపు తగ్గించుకుని ఉంటే బాగుండేది. ఇంతకూ చెడింది మోటారు కాదు, ముట్టుకుంటే వెలిగే మీటల పలక. అది చెడింది వాడుకలో ఎనిమిదో నెలలో. తమ లెక్క ప్రకారం పదమూడో నెలలో.

ఫ్రిజ్జు పోయిన మర్నాడే మా అత్తగారు నా చేయి పట్టుకుని ఏడు రోడ్ల కూడలికి అవతల ఒక సందులో, రేకుల కింద కూర్చునే మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆవిడ గ్రైండరు ఇరవయ్యారేళ్ళ క్రితం కోయంబత్తూరు నుంచి వచ్చింది. అది చెడిపోలేదని నేను అనను. నాకు తెలిసి పదకొండుసార్లు చెడింది. బెల్టు తెగింది, కెపాసిటరు పోయింది, బేరింగు అరిగింది, రాయి నునుపెక్కితే కక్కు కొట్టించాం. ప్రతిసారీ సాయంత్రానికి ఇంటికి వచ్చి పిండి రుబ్బింది. దాని తాలూకు వారంటీ కార్డు ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఎవరూ వెతకలేదు.

అతని ముందు పరిచిన పాత వార్తాపత్రిక మీద మూడు మిక్సీలు పొట్టలు విప్పుకుని పడుకుని ఉన్నాయి. ఒకదానిలో నుంచి గోరంత నల్లటి కార్బను ముక్కను తీసి నా అరచేతిలో పెట్టాడు. స్ప్రింగు చివర అరిగి, సగం కాలిన బొగ్గు కణికలాగా ఉంది. “ఇది అరిగినందుకే కొత్త మిక్సీ కొంటాండారు జనం” అన్నాడు. కొత్త మిక్సీకి ఏది మంచిదని అడిగితే చేతి నూనె తుడుచుకుంటూ, “ఏది మంచిదని అడగబాకు అక్కా, దేనికి సామాను దొరకతాదో అడుగు” అన్నాడు. తమరు మిక్సీ మోటారుకు ఐదేళ్ళు హామీ ఇస్తారు. జారు అడుగున తిరిగే కప్లరుకు, వాషరుకు, బ్లేడుకు ఒక్క రోజు కూడా ఇవ్వరు. చెనిక్కాయల పొడి కొట్టే మా ఇళ్ళలో ముందుగా పోయేవి ఆ మూడే. అతను వేళ్ళ మీద లెక్కపెట్టి, ఏ రకాల కప్లర్లు మా ఊరి కొట్లలో దొరుకుతాయో, దేనికి బయటి ఊరి నుంచి తెప్పించాలో చెప్పాడు. మేము 750 వాట్లది, ఐఎస్‌ఐ గుర్తు ఉన్నది, కింద ఎర్ర మీట ఉన్నది కొన్నాం. వేడెక్కితే తనంతట తాను ఆగి, ఆ మీట నొక్కితే మళ్ళీ లేచే మిక్సీ తమరి కంటే నమ్మకమైనదని నా అభిప్రాయం. అది తాను ఎందుకు ఆగిందో దాచుకోదు.

ఇక మా తప్పు ఒకటి ఉంది, దాన్ని తమ నెత్తిన వేయను. మెరిసే తలుపుల చెక్కలకు పెట్టిన డబ్బులో పదో వంతు గోడలోని తీగలకు పెట్టలేదు. రెండువేల వాట్ల ఇండక్షను పొయ్యి తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుందనీ, దానికి 16 ఆంపియర్ల ప్లగ్గూ విడిగా మందపాటి తీగా వేయాలనీ, గోడలు పగలగొట్టి ఉన్నప్పుడు ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. రంగులు వేశాక మళ్ళీ పగలగొట్టించాం. విద్యుదాఘాతం తగలకుండా 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే రక్షణ మీట పెట్టించాం. నేల ఎండిపోతే ఎర్తింగు పట్టు తగ్గుతుందని ఎలక్ట్రీషియను చెప్పినందువల్ల, వేసవిలో తులసికోటకు చెంబెడు, ఎర్తింగు గుంతకు బిందెడు నీళ్ళు పోయడం మా వారికి నిత్యకృత్యమైంది. నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళో ఒక ఇంటి యజమాని గుంతలో నీళ్ళు పోయడం చూసి పక్కింటివారు కొన్నాళ్ళు మాతో సరిగా మాట్లాడలేదు.

తమరు అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేది అసలు బిల్లు కోసం. దాన్ని నేను పోగొట్టలేదు. చిమ్నీ మీటల పలక పోయినప్పుడు బీరువాలో నుంచి, తమతో పాటు ప్లాస్టిక్కు కవరులో భద్రంగా దాచిన ఆ బిల్లును తీశాను. మంచు పట్టిన అద్దంలాగా తెల్లగా ఉంది. వేడికి అచ్చుపడే ఆ రకం కాగితం మీది అక్షరాలు కాలానికీ, ప్లాస్టిక్కు కవరు స్పర్శకూ వెలిసిపోతాయట. జాగ్రత్తగా దాచినవారి బిల్లే ముందు చెరిగిపోయే ఏర్పాటు ఎవరి బుద్ధిలో పుట్టిందో గానీ, వారికి నా జోహార్లు. కొన్న రోజునే జిరాక్సు తీసినది ఇప్పుడు నా దగ్గర మిక్సీ బిల్లు ఒక్కటే.

తమకు పైన కూడా ఒక కాగితం ఉందని ఈమధ్యే తెలిసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. ఐదు లక్షలలోపు ఖరీదైన వస్తువు మీద జిల్లా కమిషనుకు ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు. చిక్కు వచ్చిన నాటి నుంచి రెండేళ్ళలోపు వెళ్ళవచ్చు. ముందు 1915 నంబరుకు ఫోను చేసి కూడా చెప్పుకోవచ్చు. ఫ్రిజ్జు తలుపు మీది వెండి కాగితాన్ని చిరగకుండా ఫొటో తీసి ఉంచాను. దాన్నీ తమరినీ పక్కపక్కన పెట్టి చూడాలని కమిషను వారికి ముచ్చట కలగవచ్చు.

ఈ లేఖకు కొన్ని నిబంధనలు వర్తిస్తాయి. జవాబుకు ముప్పై రోజుల గడువు లేఖ తమకు అందిన తేదీ నుంచి కాక, నేను కాగితం కొన్న తేదీ నుంచి మొదలవుతుంది. కాగితం ఉగాదికి కొన్నాను. అక్షరదోషాలు, పులుసు మరకలు, బల్లి అడుగులు నా బాధ్యత కావు. కోపానికి మాత్రం పదేళ్ళ వారంటీ ఉంది.

ఇట్లు,
తమ కంప్రెసరును చల్లగా చూసుకుంటున్న
ఒక కడప ఇల్లాలు