అమ్మ ఇక్కడున్న ఆరు నెలల్లో ఒక బొంత

2004 జనవరిలో కందుకూరులో అమెరికాకు తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటుంటే అవ్వ ఒక బొంత తెచ్చి మంచం మీద పెట్టింది. "చలిదేశమంట గదా, కింద పరుచుకో" అంది. పైపొర వెలిసిపోయిన వెంకటగిరి నేతచీర. లోపల తాత పంచెలు. ఒక మూల చిరుగు పడినచోట నా చిన్నప్పటి పావడా గుడ్డ అతుకు. చేత్తో ఎత్తి చూస్తే మూడు కిలోలకు తగ్గదు. పెట్టెలో అప్పటికే ఆవకాయ, గోంగూర, కందిపొడి, కట్టుకుంటానో లేదో తెలియని రెండు పట్టుచీరలు ఉన్నాయి. చీరలు ఉంచుకుని బొంత పక్కన పెట్టాను. "మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుపోతాలే అవ్వా" అన్నాను. అవ్వ 2009లో పోయింది. ఆ బొంత ఏదో వానాకాలంలో తడిసి బూజు పడితే పారేశారట. ఆ పట్టుచీరలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి, మడత విప్పకుండా.

ఇక్కడి మన తెలుగు సంఘం పత్రికలో పాటల గురించి, పిల్లల తెలుగు బడి గురించి, వంటల గురించి ఎన్నో రాసుకున్నాం. బొంత గురించి ఎవరూ రాయలేదు. బొంత కుట్టడం మన ఇళ్ళలో నేర్చుకోవాలి, నేర్పగలిగిన చేతులు ఇంకా ఉండగానే నేర్చుకోవాలి. ఆ చేతులు, మన అమ్మల, అత్తమ్మల చేతులు, ఏడాది విడిచి ఏడాది మన ఇళ్ళకే వస్తున్నాయి, ఆరు నెలలు ఉండి వెళుతున్నాయి.

నేను మొదట క్విల్టింగ్, అంటే ఇక్కడివాళ్ళ బొంత కుట్టు, నేర్చుకున్నది ఒహాయోలో, మా ఊరి లైబ్రరీలో శనివారం పూట నడిచే క్లాసులో. అక్కడ చెప్పిన పద్ధతిని తక్కువ చెయ్యను. గుడ్డను కొలిచి కోయడం, పావంగుళం వదిలి అతకడం, అతుకు అతుకుకూ ఇస్త్రీ చెయ్యడం, పైన అతుకుల గుడ్డ, నడుమ దూదిపొర, అడుగున అస్తరు, మూడూ కదలకుండా కలిపి కుట్టడం: ఇదంతా శ్రద్ధగా నేర్పారు. తొమ్మిది చదరాల నమూనాతో నా మొదటి క్విల్ట్ కుట్టాను. ఎర్రగుడ్డ ముందుగా ఉతకలేదు. మొదటి ఉతుక్కే ఆ రంగు దిగి తెల్లచదరాలన్నీ గులాబీరంగుకు తిరిగాయి. నాలుగు నెలల పని. ఆ రాత్రి అవ్వ గుర్తొచ్చింది. పదేళ్ళు కట్టి, వందసార్లు ఉతికిన చీరతో బొంత కుడితే ఇక దిగడానికి రంగెక్కడిది? కుంచించుకుపోయే గుణం కూడా ఆ గుడ్డలో ఎప్పుడో అయిపోయి ఉంటుంది. పాతగుడ్డ వాడటంలో పొదుపుతోపాటు ఇంత తెలివి ఉందని నాకు ఆ రోజు దాకా తట్టలేదు.

పోయిన ఏడాది చలికాలంలో కందుకూరులో రెండు నెలలు ఉండి అమ్మ దగ్గర మొదటినుంచీ నేర్చుకున్నాను. అమ్మకు డెబ్భై దాటాయి. చత్వారం వచ్చింది కాబట్టి సూదిలో దారం నేను ఎక్కించాలి, మిగతాదంతా తను చెప్పాలి. అలా ఒప్పందం.

లెక్క చాలా తేలిక. చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే ఇంచుమించు 216 అంగుళాలు. మూడు మడతలు వేస్తే 72 అంగుళాలు, మనిషి పడుకునే పొడవు. వెడల్పు ఎలాగూ 46 అంగుళాలు ఉంటుంది. ఒక చీరకు మూడు పొరలు, రెండు చీరలకు ఆరు. కత్తెరతో పనే లేదు, అతుకూ లేదు. మన చీర పొడవే మంచం కొలతకు సరిపోయేలా ఉందని నేను ఆశ్చర్యపోతుంటే అమ్మకు అందులో వింతేమీ కనబడలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మాత్రం ఆరు పొరల జోలికి పోవద్దు, వేళ్ళు పోతాయి. సగం చీరను మూడు మడతలు వెయ్యండి. 36 అంగుళాల పొడవున పసిబిడ్డ బొంత వస్తుంది.

చీర పాతదై ఉండాలి, చివికినది కాకూడదు. వెలుతురుకు పట్టి చూస్తే అక్కడక్కడా పోగులు పల్చబడి ఉంటే ఫరవాలేదు, ఆ చీర లోపలికి పోతుంది. నూలే కావాలి. పాలియెస్టర్ చీర మడత మీద నిలవదు, జారిపోతుంది, చెమట పీల్చదు. ఫాల్ ఊడదీయాలి. జరీ అంచు ఉంటే దాన్ని కోసి పక్కన పెట్టాలి, ఒంటికి గీసుకుంటుంది. గంజి పూర్తిగా పోయేలా ఉతికి ఎండెయ్యాలి. గుడ్డను వేరుచెయ్యాల్సి వస్తే చిన్న గాటు పెట్టి చేత్తో చించమంది అమ్మ. నేను కత్తెర తీస్తే, "కత్తెర వంకర పోతది, పోగు వంకర పోదు" అంది. లైబ్రరీ క్లాసులో గాజుబల్లంత చాప, గుండ్రంగా తిరిగే కత్తి, గీతల స్కేలు పెట్టి సాధించే తిన్నదనం అమ్మకు ఒక్క చింపుతో వచ్చింది.

కసువు చిమ్మి తుడిచిన గచ్చుమీద చీర పరిచి, ముడతల్లేకుండా చేత్తో నిమిరి, నాలుగు మూలలా బరువులు పెట్టాలి. మా ఇంట్లో రోకలి, పొత్రం, రెండు ఇటుకలు పెట్టాం. జానెడు ఎడంతో పొడుగు పొడుగు కుట్లు వేసి పొరలు కదలకుండా పట్టించాలి. బొంత అయ్యాక ఇవి లాగేస్తాం. ఆ తర్వాతే అసలు కుట్టు. సూది కిందికి పోయి పైకి రావడమే, అంతకు మించి విద్య లేదు. కానీ ఆ రావడం ప్రతిసారీ ఒకే ఎడంలో రావాలి. అమ్మ కుట్టు బియ్యపు గింజంత ఉంటుంది. నాది మొదటి వారం ఒకటి చింతగింజ, ఒకటి ఆవగింజ. "మూరకు మించి దారం తీయబాక, చిక్కు పడుద్ది" అంది అమ్మ. ఆ మాట విని నేను సూది పట్టుకుని ఆగిపోయాను. ఒహాయోలో మాకు చెప్పిన కొలత 18 అంగుళాలు. అదీ మూరే.

ఒక్కచోట మాత్రం రెండు పద్ధతులూ ఎదురెదురుగా నిలబడ్డాయి. క్లాసులో, నడుమనుంచి మొదలుపెట్టి అంచులకు రావాలి అన్నారు. లేకపోతే దూదిపొర ఉబ్బి మధ్యలో బుడగలా లేస్తుందట. అమ్మ అంచునుంచి మొదలుపెట్టి, నాలుగు వైపులా చుట్టు తిరుగుతూ లోపలికి వెళ్ళింది, గడపముందు ముగ్గు చుట్టూ గీతలు గీసినట్టు. ఎవరిది తప్పు? రెండు బొంతలు కుట్టాక నాకు తోచింది: ఎవరిదీ కాదు. మన బొంతలో దూది లేదు, ఉబ్బడానికి ఏమీ లేదు. గుడ్డ మీద గుడ్డ, నేలకు అంటుకుని ఉంటుంది. కర్ణాటకలో సిద్దీ తెగ ఆడవాళ్ళు కుట్టే కవంది అనే బొంత కూడా అంచునుంచే లోపలికి నడుస్తుంది. దూది ఎందుకు లేదంటే, నెల్లూరు, ఒంగోలు ఎండలకు దూది కప్పుకునేదెవరు? మన బొంత ఎక్కువగా కింద పరుచుకునేది. నులకమంచం మీద నులక ఒత్తుకోకుండా, వేసవిలో మిద్దెమీద గచ్చువేడి తగలకుండా, వానాకాలంలో నేలచెమ్మ ఎక్కకుండా. అమెరికా క్విల్ట్ చలికి పుట్టింది, మన బొంత నేలకు పుట్టింది. ఒహాయోలో కప్పుకోవాలనుకుంటే నడుమ దూదిపొర పెట్టండి, అప్పుడు మాత్రం క్లాసులో చెప్పినట్టు నడుమనుంచే కుట్టండి.

ఇంత మంచి వస్తువు పేరును మనం తిట్టుగా మార్చుకున్నాం. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే అతుకుల బొంత. వ్యాసం సరిగ్గా కుదరకపోతే అతుకుల బొంత. మా ప్రకాశం జిల్లాయే అతుకుల బొంత అని ఎవరైనా అంటే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. 1970లో గుంటూరు నుంచి కొంత, నెల్లూరు నుంచి కొంత, కర్నూలు నుంచి కొంత తీసి కలిపి కుట్టారు. మొదట ఒంగోలు జిల్లా అన్నారు, రెండేళ్ళకు టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు. మా అమ్మ పుట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లా. అమ్మ పెళ్ళినాటికి ప్రకాశం. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మళ్ళీ నెల్లూరులోకి వెళ్ళింది. ఇల్లు మాత్రం అక్కడే ఉంది. మా మాటలో మూడు జిల్లాల యాసా వినబడుతుంది, అది మాకు లోటెప్పుడూ కాలేదు.

అలబామా నది వంపులో జీస్ బెండ్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు బానిసలుగా బతికినవాళ్ళ సంతతి అక్కడివాళ్ళు. ఆ ఊరి ఆడవాళ్ళు పొలంలో చిరిగిపోయిన పనిబట్టలతో చలికి క్విల్టులు కుట్టుకున్నారు. వాటిని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు, తర్వాత న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియంలో. 2006లో ఈ దేశపు తపాలాబిళ్ళల మీద అచ్చువేశారు. పాతగుడ్డల మీద కుట్టే బెంగాల్ కాంథాకు, బీహార్ సుజనీకి దుకాణాల్లో పేరుంది. మన బొంతకు పేరు రావాలని నేను అడగడం లేదు. మ్యూజియం ఎక్కకపోయినా ఫరవాలేదు. మన పిల్లలకు ఆ మాట వింటే తిట్టు కాకుండా వస్తువు గుర్తుకు రావాలి. అంతవరకు మన చేతుల్లోనే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మనింటికి వచ్చే అమ్మలు, అత్తమ్మలు ఆ ఆరు నెలలు ఎలా గడుపుతున్నారు? ఉదయం ఎనిమిదికి మనం వెళ్ళిపోతాం, పిల్లలు వెళ్ళిపోతారు. బయట మంచు. కారు నడపలేరు, పక్కింటివాళ్ళతో మాట కలవదు. సీరియళ్ళు చూస్తారు, వంట చేసి పెడతారు, సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి మన కోసం ఎదురుచూస్తారు. "నేనేం చేస్తున్నానే ఇక్కడ, ఊరికే కూర్చుని తింటున్నా" అని మా అమ్మ ఒకసారి అంది. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మొలగొలుకుల బియ్యం చెరిగి, పొలం చూసుకుని, ఇంటిల్లిపాదికీ బొంతలు కుట్టిన మనిషి ఆమె. ఆమెకు పని లేదంటే తప్పు నాది. ఆమె దగ్గర నేను నేర్చుకోవాల్సింది అడగలేదు.

అందుకే సంఘాన్ని అడుగుతున్నాను. మహిళా దినోత్సవానికి ముగ్గుల పోటీ, వంటల పోటీ పెడుతున్నాం. బొంతకు దయచేసి పోటీ పెట్టకండి. ఒక్క పూటలో వేదికమీద తేలే పని కాదు ఇది, చెయ్యి తిరగాలి. చెయ్యి తిరగాలంటే రోజూ కూర్చోవాలి. రోజుకు పావుగంట చాలు, కానీ రోజూ. వారమంతా వదిలేసి ఆదివారం మూడు గంటలు కూర్చుంటే మెడ పడుతుంది, కుట్టు ఎడం మళ్ళీ మొదటికొస్తుంది. నేను రాత్రి గిన్నెలు సర్దాక ఒక మూర దారం అయ్యేదాకా కుడతాను, అయిపోతే లేస్తాను. పోటీకి బదులు, ఊళ్ళనుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఎవరింట్లో ఉన్నారో తెలుసుకుని, వారానికొకసారి ఏదో ఒక ఇంట్లో కింద చాప పరిచి కూర్చోబెట్టండి. కారులో తీసుకొచ్చే పని మనది, నేర్పే పని వాళ్ళది. మగవాళ్ళను వదలకండి. మా మామగారు గోనెసంచులు దబ్బనంతో కుట్టిన అనుభవంతో నాకంటే తిన్నగా కుడతారు.

"షాపులో కొనుక్కుంటే పోదా" అని అడిగినవాళ్ళున్నారు. దుప్పటి కావాలంటే కొనుక్కోవచ్చు, నేనూ కొంటాను. మీ అమ్మ కట్టిన చీర ఏ షాపులో దొరుకుతుంది? ఇంకొందరు తీరిక లేదన్నారు. ఆ మాట నిజం, నాకూ ఉండదు. అందుకే పావుగంట అన్నాను, అందుకే సగం చీరతో మొదలుపెట్టమన్నాను. ఆరు నెలలు అంటే నూట ఎనభై పావుగంటలు. పసిబిడ్డ బొంతకు అది బోలెడంత.

అమ్మ ఈ మార్చిలో మా ఇంటికి వచ్చింది, ఆగస్టు దాకా ఉంటుంది. హాల్లో సోఫా జరిపేసి ఆరు పొరల బొంత పరిచాం. రెండు చీరలూ అమ్మవే. చిల్లు పడినచోట నా కూతురి పాత గౌను గుడ్డ అతికాం, ఆ అతుకు కుట్టింది నా కూతురే. దానికి పదకొండేళ్ళు. దాని కుట్లు ఇంకా చింతగింజలే. విప్పి సరిచేద్దామని నేను చెయ్యి పెట్టబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీ అమ్మాయ్, అది కుట్టిందని తెలవాల గదా."

ఆదివారాలు మధ్యాహ్నం మూడింటికి కూర్చుంటున్నాం. రావాలనుకునేవాళ్ళు సంఘం కార్యదర్శిని అడిగితే మా ఇంటి దారి చెబుతారు. సూదులు, దారం మా దగ్గర ఉన్నాయి. ఒక పాత నూలుచీర గంజి లేకుండా ఉతికి తెచ్చుకోండి. ఫాల్ ఇంటిదగ్గరే ఊడదీసుకుని రమ్మని అమ్మ మరీ మరీ చెప్పింది. అది ఇక్కడ విప్పుతూ కూర్చుంటే పొద్దంతా దానికే సరిపోతుందట.