ఒక్క షాట్‌లో పెరిగిపోయే సీమ కుర్రాడు

కర్నూలు పిల్లలకు కౌమారం ఉండదని తెలుగు సినిమా ఏనాడో తేల్చేసింది. కళ్లెదుట నాన్నను నరికితే పదేళ్ల బుడతడు పొలం గట్ల వెంట పరుగందుకుంటాడు. కెమెరా అతని కాళ్ల మీదకు దిగుతుంది. మళ్లీ పైకి లేచేసరికి ఆరడుగుల మనిషి, మీసం, వెనకాల నాలుగు సుమోలు. మొటిమలు, గొంతు బొంగురుపోవడం, ఇంటర్‌లో లెక్కలు తప్పడం ఆ గట్ల మీదే ఎక్కడో రాలిపోయి ఉండాలి. ఇక మిగిలిన జీవితమంతా కొండారెడ్డి బురుజు దగ్గరే. (2003లో ‘ఒక్కడు’ చూసిన బంధువులు ఇప్పటికీ మా ఇంటికంటే ముందు అక్కడికే వెళతారు.)

పరాయి దేశాలవాళ్లకు ఈ కిటుకు తెలియదు, పాపం. ‘బాయ్‌హుడ్’ కోసం రిచర్డ్ లింక్‌లేటర్ ఒకే పిల్లవాడితో 2002 నుంచి 2013 దాకా ఏటా కొన్ని రోజులు షూటింగ్ చేశాడు. మన ఎడిటర్ ఆ పని టీ చల్లారేలోపు ముగించేవాడు. 1959లో త్రూఫో తీసిన ‘ది 400 బ్లోస్’లోనూ పిల్లవాడు పరుగెత్తుతాడు. సముద్రం దాకా వెళ్లి, వెనుదిరిగి మనవైపు చూస్తాడు. బొమ్మ అక్కడే ఆగిపోతుంది. మీసమైనా మొలవలేదు, పగైనా తీరలేదు! మావాడు అంత దూరం పరుగెత్తితే తుంగభద్ర వంతెన దాటి రాష్ట్రమే మారిపోయేవాడు.

పిల్లలు పెద్దవాళ్లయ్యే ఇలాంటి కథలకు ఇంగ్లీషులో ఉన్న ‘కమింగ్ ఆఫ్ ఏజ్’ అనే పేరును తెలుగు చేద్దామని కూర్చుంటే ‘పెద్దమనిషి కావడం’ దగ్గర చిక్కుకున్నాను. ఆ మాట ఆడపిల్లది. ఫ్లెక్సీ కట్టి, ఆమె సిగ్గుతో చచ్చిపోతున్నా వీధంతటికీ చాటి, భోజనాలు పెడతాం. మగవాళ్లలో పెద్దమనిషి అంటే పంచాయితీలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పద్నాలుగేళ్లవాడికి మాటే లేదు.

నేను పెరిగింది మాత్రం ఆదోని బస్సులో. అమ్మ ఎప్పటిలాగే “ఒకటిన్నర” అంది. కండక్టర్ నా పైపెదవి చూశాడు, ముందు సీటుకు గుచ్చుకుంటున్న నా మోకాళ్లు చూశాడు.

“ఎన్నేళ్లమ్మా?”

“పదకొండు నడుస్తోంది.”

“ఏ తరగతి బాబూ?”

“తొమ్మిది,” అన్నాను గర్వంగా.

అమ్మ కొంగుముడి విప్పి మిగతా సగం డబ్బులిచ్చింది. నావైపు చూడలేదు. ఎమ్మిగనూరులో బస్సు ఆగాక ఉగ్గాని పొట్లం కొనుక్కొచ్చి, బజ్జీలన్నీ నావైపు తోసింది.

“ఫుల్ టికెట్టు కదా, తిను.”