జిగురు అలర్జీని తేలిగ్గా తీసుకోకండి
ఐలాష్ ఎక్స్‌టెన్షన్లు (రెప్ప వెంట్రుకలకు జిగురుతో అతికించే కృత్రిమ వెంట్రుకలు) పెట్టించుకున్నాక కళ్లు ఎర్రబడితే చల్లటి నీళ్లతో కడుక్కుంటే చాలని ఒక వ్యాసంలో రాశారు. కాసేపటి మంటకు అది సరే, అలర్జీకి చాలదు. అతికించే జిగురులోని సయనోఅక్రిలేట్ అనే రసాయనం పడనివాళ్లకు దురద, రెప్పల వాపు ఒక్కోసారి ఒకటి రెండు రోజుల తర్వాత గానీ బయటపడవు. ఇన్నాళ్లూ పడినవాళ్లకు కూడా ఉన్నట్టుండి మొదలవ్వచ్చు! అప్పుడు టెన్షన్‌లో ఎక్స్‌టెన్షన్లను చేత్తో పీకొద్దు, సొంత వెంట్రుకలూ ఊడొస్తాయి. తీసే పని తెలిసినవాళ్లకే వదిలేయండి. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ క్రీము మాత్రం డాక్టర్ చెప్పకుండా రెప్పలకు రాయనే రాయకండి, కంటి లోపల ప్రెషర్ పెరిగే ప్రమాదం ఉంది. నొప్పి, మసక చూపు, వెలుతురు భరించలేకపోవడం ఉంటే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.