ఆ ఫార్వర్డ్ ఇంక నాకు పంపొద్దు

"జీవపరిణామం అబద్ధమని యూనివర్సిటీ ప్రొఫెసర్లే ఒప్పుకున్నారు, తప్పక షేర్ చేయండి" అనే మెసేజ్ మా అనంతపురం డిగ్రీ బ్యాచ్ గ్రూపులో మళ్లీ ప్రత్యక్షమైంది. పంపినవాళ్లలో సైన్స్ టీచర్లు కూడా ఉన్నారు కాబట్టి విడివిడిగా కాకుండా అందరికీ ఒకేసారి చెబుతున్నా.

కోతి మనిషైతే అహోబిలంలో ఇంకా కోతులెందుకున్నాయట. కోతులు మనకు తాతలు కాదు, దాయాదులు. మా చిన్నాయన పిల్లలున్నారు, నేనూ ఉన్నా. తర్వాత?

ఇదంతా తెల్లోళ్ల కుట్రట. జీవం పుట్టుక గురించి 1929లోనే రాసిన బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ 1957లో మన దేశానికొచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. కుట్రకు ఇంత కష్టపడాలా?

ల్యాబ్‌లో ఇంతవరకు ఎవరూ జీవాన్ని పుట్టించలేదన్న మాట మాత్రం నిజం. 1953లో అమెరికా శాస్త్రవేత్త మిల్లర్ తొలినాటి భూమి వాతావరణాన్ని గాజుసీసాల్లో అనుకరించి చేసిన ప్రయోగంలో వచ్చినవి ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలే, జీవం కాదు. కానీ మొదలెలా అయిందో తేలనంత మాత్రాన ఆ తర్వాతిదంతా కట్టుకథ అయిపోదు. కడప జిల్లా వేంపల్లె వైపు రాళ్లు చూడండి. అడ్డంగా కోసిన ఎర్రగడ్డలా పొరలు పొరలుగా ఉంటాయి. సూక్ష్మజీవుల చాపలు పేర్చిన పొరలవి. వయసు 180 కోట్ల ఏళ్ల పైమాటే.

నాకు ఒళ్లు మండింది చివరి పాయింటుకి. "జంతువుల నుంచి వచ్చామని చెబితే పిల్లలు జంతువుల్లా తయారవుతారు. మనిషి గుణం వంశంలో, రక్తంలో ఉంటుంది" అట. మన ఊళ్లలో వేటకొడవళ్లు పట్టినవాళ్లంతా డార్విన్‌ను చదివే పట్టారా? ఇక రక్తం సంగతి. సీమ రక్తంలోనే కక్ష ఉందని సినిమావాళ్లు చూపిస్తే మీరే కదా గ్రూపులో గంటసేపు తిట్టారు! అదే మాట కులం మీద అంటే శాస్త్రం అయిపోతుందా? ముఠాల్లో తిరిగినవాళ్ల పిల్లలు ఇప్పుడు బెంగళూరులో ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని తిరుగుతున్నారు. ఒక్క తరంలో రక్తం మారిందా, చదువూ జీతమూ వచ్చాయా? ఏ ఇద్దరు మనుషుల డీఎన్ఏ తీసుకున్నా దాదాపు 99.9 శాతం ఒకటే. మిగిలిన ఆ కాస్తలో పక్కవాడి నీచత్వాన్ని వెతకడానికి ఎంత ఓపిక సామీ మీకు! ఈ మాట క్లాసులో మన టీచరే అంటే, వెనక బెంచీ పిల్లాడు దాన్ని తన గురించే అనుకుంటాడు. అనుకోవాలనే కదా రాసింది.

ప్రొఫెసర్ల విషయం. మీరు అడక్కపోయినా ఒకటి ఒప్పుకుంటా: నాకు చెప్పిన జువాలజీ సారు ఆయుధపూజ నాడు మైక్రోస్కోపుకి కుంకుమ బొట్టు పెట్టేవారు. నమ్మకాలున్న ప్రొఫెసర్లు బోలెడుమంది. ఆ సారు పాఠంలో మాత్రం ఒక్క ముక్క మార్చలేదు. హోదా ఉంటే చాలంటారా? 2019 సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వీసీయే కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలన్నారు. అదీ షేర్ చేయండి మరి.

మెసేజ్‌లో ఒక్క ప్రొఫెసరు పేరు లేదు, సబ్జెక్టు లేదు. ఎవరో, ఏం పరిశోధన చేసి ఒప్పుకున్నారో పంపండి, చదువుతా.